సోలార్ కంపెనీకి పొలం లీజుకిచ్చే ముందు కుటుంబం చూసుకోవాల్సిన కాగితాలు

రాయలసీమలోనూ, తెలంగాణ మెట్ట ప్రాంతాల్లోనూ ఈమధ్య చాలా ఊళ్లలో ఒకే మాట వినిపిస్తోంది. "సోలార్ వాళ్లు వచ్చారంట, ఎకరానికి ఏడాదికి ఇంత ఇస్తారంట." వానలు లేక, బోర్లు ఎండిపోయి, వేరుశనగ వేస్తే పెట్టుబడి కూడా రాని భూమికి పాతికేళ్ల పాటు ఇంటికే కౌలు వస్తుందంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఆ ఆశలో తప్పేమీ లేదు. సరిగ్గా రాసుకున్న లీజు ఒక కుటుంబాన్ని నిలబెడుతుంది కూడా.

కానీ ఊళ్లోకి వచ్చే ముందే కంపెనీ తన లెక్క తాను వేసుకుని వస్తుంది. ఈ భూమి మీద కేసులున్నాయా, సబ్‌స్టేషన్ ఎంత దూరం, కరెంటు ఎవరు కొంటారు, రేపు ప్రభుత్వం మారితే ధర నిలుస్తుందా అని లాయర్లతో, ఇంజినీర్లతో పరిశీలన చేయిస్తుంది. తనకు వచ్చే ప్రతి నష్టానికీ ఒప్పందంలో ఒక క్లాజు పెట్టుకుంటుంది. రైతు కుటుంబం మాత్రం చాలాసార్లు ఎకరానికి ఎంత అన్న ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. కంపెనీ వేసుకున్న లెక్కే కుటుంబం కూడా వేసుకోవాలి. దానికి పెద్ద చదువు అక్కర్లేదు, కొన్ని కాగితాలు, కొంత ఓపిక చాలు.

ముందు భూమి ఏ రకమో తేలాలి

పాస్‌బుక్ చేతిలో ఉన్నంత మాత్రాన భూమి లీజుకిచ్చే హక్కు ఉన్నట్టు కాదు. తాత కొన్న భూమా, ప్రభుత్వం ఇచ్చిన డీ-పట్టానా, ఇనామా, వక్ఫా అన్నది మొదట తేల్చుకోవాలి.

భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూములకు 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం వర్తిస్తుంది. ఈ చట్టంలో బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు, దానం, తాకట్టు, లీజు కూడా అందులోకే వస్తాయి. అంటే అసైన్డ్ భూమిని సొంతంగా కంపెనీకి లీజుకు రాసిస్తే ఆ పత్రం చెల్లదు. భూమిని అధికారులు స్వాధీనం చేసుకునే ప్రమాదం కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో చట్టాన్ని సవరించి, భూమి ఇచ్చి 20 ఏళ్లు దాటిన అసలు లబ్ధిదారులకు పూర్తి హక్కు ఇచ్చారు. 2024లో ప్రభుత్వం మారాక అలా ఫ్రీహోల్డ్ అయిన భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణకు పెట్టారు. ఒకే భూమి హక్కు ఏడాది తిరిగేలోపు ఎలా అటూ ఇటూ అయిందో చూస్తే, ఏజెంట్ నోటి మాట మీద ఆధారపడకూడదని అర్థమవుతుంది. "ప్రభుత్వం పర్మిషన్ ఇచ్చేసింది" అంటే ఆ ఉత్తర్వు కాపీ అడగాలి. అందులో తమ సర్వే నంబరు ఉందో లేదో కళ్లతో చూసుకోవాలి.

రెండోది నిషేధిత జాబితా. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఏ సెక్షన్ కింద ప్రభుత్వ, అసైన్డ్, దేవాదాయ, వక్ఫ్ భూముల జాబితాలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఉంటాయి. సొంత పట్టా భూమి కూడా పొరపాటున ఈ జాబితాలో చేరిన సందర్భాలు తక్కువేం కాదు. కంపెనీ వచ్చాక తెలిస్తే బేరం చెడుతుంది. అందుకే ముందే చూసుకుని, తప్పుంటే కలెక్టరేట్‌లో అర్జీ పెట్టుకోవాలి. ఆంధ్ర ప్రాంతంలో పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టర్‌లో యజమాని పేరు దగ్గర చుక్కలు పెట్టి వదిలేసిన భూముల కోసం 2017లో ప్రత్యేక చట్టమే వచ్చింది. తెలంగాణలో ధరణి పోయి 2025లో భూభారతి వచ్చింది. ధరణిలో పడిన తప్పులు ఇంకా సరికాని వాళ్లు లీజు మాట ఎత్తే ముందు ఆ పని పూర్తి చేసుకోవడం మంచిది.

మసీదు, దర్గా, ఖాజీ ఇనాములు

మన కుటుంబాల్లో ఎక్కువ గొడవ వచ్చేది ఇక్కడే. మసీదులో ఇమామత్ చేసినందుకో, దర్గాలో దీపం పెట్టినందుకో, ఖాజీగా పనిచేసినందుకో నవాబుల కాలంలోనో, అంతకు ముందో ఇచ్చిన సర్వీస్ ఇనాం భూములు చాలా ఊళ్లలో ఉన్నాయి. నాలుగైదు తరాలుగా అదే కుటుంబం సాగు చేస్తోంది, శిస్తు కట్టింది, కొన్ని చోట్ల పట్టా కూడా వచ్చింది. కాబట్టి అది తమ సొంతమే అనుకుంటారు.

చట్టం అలా చూడదు. ఆంధ్రప్రదేశ్ వక్ఫ్ బోర్డుకు సంబంధించిన ఒక కేసులో 1998లో సుప్రీంకోర్టు ఈ విషయం స్పష్టం చేసింది. ఒకసారి వక్ఫ్ అయిన భూమి ఎప్పటికీ వక్ఫే, ఇనాం చట్టం కింద తర్వాత రైత్వారీ పట్టా వచ్చినా ఆ స్వభావం మారదని చెప్పింది. సాగు చేసే కుటుంబం దాని సంరక్షకులు, యజమానులు కాదు.

అలాగని వక్ఫ్ భూమిలో సోలార్ పెట్టడమే కుదరదని కాదు. లీజు ఇచ్చే దారి వేరు, అంతే. వక్ఫ్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజుకు బోర్డు ముందస్తు అనుమతి ఉండాలి. 30 ఏళ్లకు మించిన లీజు అసలు చెల్లదు. ముతవల్లీ ఒక్కరే సంతకం పెట్టి పాతికేళ్లకు ఇచ్చేస్తే రేపు ఆ పత్రం కోర్టులో నిలవదు. 2025లో వక్ఫ్ చట్టం సవరించారు, ఆస్తుల వివరాలు ఉమీద్ పోర్టల్‌లో ఎక్కించాలన్నారు. సవరణలో కొన్ని నిబంధనలను 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు తాత్కాలికంగా ఆపింది. ఇలాంటి సమయంలో మసీదు భూమి మీద తొందరపడి సంతకం పెట్టడం అంటే ఆ కౌలు డబ్బుతో పాటు భూమినే వివాదంలోకి నెట్టడం. జమాత్‌లో అందరికీ చెప్పి, బోర్డుకు రాసి, జవాబు వచ్చాకే అడుగు వేయాలి.

అక్కచెల్లెళ్ల సంతకం లేని లీజు సగం లీజే

భూమి సొంతమేనని తేలినా, ఎవరి సొంతం అన్నది మిగిలే ఉంటుంది. అబ్బా పోయి పదేళ్లయినా పాస్‌బుక్ ఆయన పేరునే ఉంటుంది, లేదా పెద్దన్న పేరుకు మారి ఉంటుంది. ఏజెంట్‌కు కావాల్సింది తొందరగా ఒక సంతకం. పెద్దన్న పెట్టేస్తాడు.

మన షరియత్ ప్రకారం తండ్రి చనిపోయిన క్షణం నుంచే వారసులందరికీ వాటా ఉంటుంది. పంచుకోలేదు కాబట్టి వాటా లేదనడానికి వీల్లేదు. ఒక ఉదాహరణ చూద్దాం. ఎనిమిది ఎకరాలున్న తండ్రి భార్యను, ఇద్దరు కొడుకులను, ఒక కూతురిని వదిలి పోయారు, ఆయన తల్లిదండ్రులు అంతకు ముందే చనిపోయారు, అప్పులూ లేవు. భార్యకు ఎనిమిదో వంతు, అంటే ఒక ఎకరం. మిగిలిన ఏడు ఎకరాల్లో కొడుకుకు రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. కొడుకులకు చెరి రెండు ఎకరాల ఎనభై సెంట్లు, కూతురికి ఎకరం నలభై సెంట్లు. లీజు ఎకరానికి 21,000 రూపాయలైతే ఆ ఆడబిడ్డకు ఏడాదికి 29,400 రావాలి. పెళ్లి చేసి పంపాం, కట్నకానుకలు ఇచ్చాం అన్న మాటతో ఈ హక్కు పోదు.

ఇది ధర్మం మాటే కాదు, రిస్క్ మాట కూడా. ఒక వాటాదారు సంతకం మిగతా వాళ్ల వాటాను కట్టేయలేదు. ఏడో ఏటనో పదో ఏటనో చెల్లెలి పిల్లలు కోర్టుకు వెళితే కంపెనీ కౌలు ఆపేసి, గొడవ తేలేదాకా ఇవ్వనంటుంది. చాలా లీజుల్లో ఆ వీలు కల్పించే క్లాజు ఉంటుంది. హక్కులో లోపం వల్ల కంపెనీకి నష్టం వస్తే భూమి ఇచ్చినవాళ్లే భరించాలన్న క్లాజు కూడా ఉండొచ్చు.

వారసుల్లో మైనర్ పిల్లలుంటే ఇంకా జాగ్రత్త కావాలి. ముస్లిం పర్సనల్ లా ప్రకారం మైనర్ ఆస్తికి సహజ సంరక్షకులు తండ్రి, తర్వాత తండ్రి తండ్రి. తల్లి పిల్లలను పెంచుతున్నా, వాళ్ల భూమిని రాసిచ్చే అధికారం ఆమెకు దానంతట అది రాదు. తండ్రి, తాత లేనప్పుడు జిల్లా కోర్టు నుంచి సంరక్షకురాలిగా ఉత్తర్వు తెచ్చుకోవాలి. అది లేకుండా అమ్మీ పెట్టిన సంతకం పిల్లల వాటాకు చెల్లదు.

కరెంటు ఎవరు కొంటారు?

పొలంలో ప్యానెళ్లు మెరుస్తున్నా, తయారైన కరెంటును కొనేవాళ్లు సమయానికి డబ్బు ఇవ్వకపోతే కంపెనీ దగ్గర కౌలుకు డబ్బుండదు. ఈ భయం ఊహ కాదు, ఆంధ్రప్రదేశ్‌లో జరిగిందే. అప్పటికే కుదిరిన సోలార్, పవన విద్యుత్ కొనుగోలు ఒప్పందాల ధరలు తగ్గించడానికి 2019 జులై 1న ప్రభుత్వం జీవో 63తో ఒక కమిటీ వేసింది. కంపెనీలు హైకోర్టుకు వెళ్లాయి. అదే ఏడాది సెప్టెంబరులో కోర్టు జీవోను కొట్టేసినా, మధ్యంతరంగా సోలార్‌కు యూనిట్‌కు 2.44 రూపాయల చొప్పున కట్టమంది. ఒప్పందంలో రాసిన ధరే కట్టాలని డివిజన్ బెంచ్ చెప్పింది 2022 మార్చి 15న. అంటే పెద్ద లాయర్లు, పెద్ద బ్యాంకులు వెనక ఉన్న కంపెనీలకే దాదాపు మూడేళ్లు పట్టింది. పాతికేళ్ల ఒప్పందం రెండు మూడు ప్రభుత్వాలను కాదు, ఐదు ఎన్నికలను దాటాలి.

కాబట్టి ఏజెంట్‌ను అడగాల్సిన ప్రశ్నలు ఇవి. విద్యుత్ కొనుగోలు ఒప్పందం అయిందా, ఇంకా కావాలా? కొనేది డిస్కమా, కేంద్ర సంస్థా, ప్రైవేటు ఫ్యాక్టరీనా? దానికి విద్యుత్ నియంత్రణ మండలి ఆమోదం ఉందా? సబ్‌స్టేషన్‌కు కలపడానికి అనుమతి వచ్చిందా? ఇవేవీ లేకుండా "ముందు అగ్రిమెంట్ చేద్దాం" అంటే కంపెనీ భూమిని అట్టిపెట్టుకుంటోందని అర్థం. అలాంటి అగ్రిమెంట్‌లో కౌలు ప్రాజెక్టు మొదలయ్యాకే వస్తుంది, ఈలోగా రైతు ఇంకొకరికి ఇవ్వలేడు. ఆ అట్టిపెట్టుకునే కాలానికి కూడా ఏడాదికి ఇంత అని రాయించుకోవాలి, ఇన్ని నెలల్లో పని మొదలవకపోతే ఒప్పందం రద్దు అనీ రాయించుకోవాలి.

2019లో కేంద్రం తెచ్చిన పీఎం కుసుమ్ పథకంలో రైతే చిన్న ప్లాంటు పెట్టుకునే వీలుంది. అర మెగావాట్ నుంచి రెండు మెగావాట్ల దాకా, సబ్‌స్టేషన్‌కు ఐదు కిలోమీటర్ల లోపు బీడు భూముల్లో పెట్టి డిస్కమ్‌కు అమ్మొచ్చు. సొంతంగా పెట్టలేని వాళ్లు డెవలపర్‌కు భూమి లీజుకివ్వొచ్చు. ఒక మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు పడుతుంది. ఇందులో కొనేది ఎవరో ముందే తెలుస్తుంది, అది మేలు. అయితే సొంతంగా పెడితే బ్యాంకు అప్పు, దాని వడ్డీ, డిస్కమ్ బకాయిల భారం అంతా రైతు నెత్తినే పడుతుందని మరచిపోకూడదు.

పావగడ నేర్పే లెక్క

అనంతపురం వైపు వాళ్లకు పావగడ కొత్త కాదు. కర్ణాటకలోని తుమకూరు జిల్లా తాలూకా అయినా మూడు వైపులా ఆంధ్ర ఊళ్లే, ఇళ్లలో తెలుగు వినిపిస్తుంది. అక్కడి సోలార్ పార్కు సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్లతో నిలిచింది. విశేషమేంటంటే భూమి కొనలేదు, రైతుల దగ్గర 28 ఏళ్లకు లీజుకు తీసుకున్నారు. ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. తీసుకున్నది ప్రభుత్వ సంస్థ, అది కంపెనీలకు ఇచ్చింది. కంపెనీ మారినా రైతుకు డబ్బిచ్చే చెయ్యి మారదు. ఈ ఏర్పాటు రైతుకు మంచిదే.

లోపం పెంపులో ఉంది. రెండేళ్లకు 5 శాతం అంటే 24 ఏళ్ల తర్వాత 21,000 కాస్తా సుమారు 37,700 అవుతుంది. వినడానికి బాగానే ఉంది. కానీ సరుకుల ధరలు ఏటా 5 శాతం పెరుగుతాయనుకుంటే, నేటి 21,000తో కొనేవి కొనడానికి అప్పటికి సుమారు 67,700 కావాలి. అంటే ఆ 37,700 విలువ నేటి లెక్కలో 12,000 కూడా ఉండదు. అందుకే మొదటి ఏడాది కౌలు కన్నా పెంపు శాతం గట్టిగా బేరమాడాలి. ఏటా పెంపు అడగాలి, లేదా ఐదేళ్లకోసారి ధర మళ్లీ మాట్లాడుకునే క్లాజు పెట్టించాలి.

పావగడలో ఇంకో సంగతి కూడా బయటపడింది. భూమి ఉన్నవాళ్లకు కౌలు వచ్చింది, ఆ భూమిలో కూలి చేసుకునేవాళ్లకు పని పోయింది, మేకలు మేపుకునేవాళ్లకు బీడు పోయింది. ఊళ్లో కూలి మీద బతికే ముస్లిం కుటుంబాలు భూమి ఉన్నవాళ్ల కన్నా ఎన్నో ఎక్కువ. ప్లాంటులో గడ్డి కోత, ప్యానెళ్లు కడగడం, కాపలా పనులు ఊరివాళ్లకే ఇవ్వాలని అడిగే అవకాశం సంతకానికి ముందే ఉంటుంది, తర్వాత ఉండదు.

ఊరు మాట్లాడే చోటు తక్కువ

ఫ్యాక్టరీ వస్తే ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుందని చాలామంది అనుకుంటారు. సోలార్‌కు అది లేదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ పరిధిలో సోలార్ ప్యానెళ్ల ప్రాజెక్టులు రావు. కాబట్టి షామియానా వేసి కలెక్టర్ ముందు మైకు అందుకునే రోజు రాదు. రైతు మాట చెల్లేది లీజు పత్రంలోనే, ఊరి మాట చెల్లేది గ్రామసభలోనే.

అందుకే కంపెనీ ప్లాన్‌ను ఊరి సర్వే పటంతో పక్కపక్కన పెట్టి చూడాలి. కంచె వేస్తే వాగు మూసుకుపోతుందా, పై పొలాల నీళ్లు ఎటు వెళ్తాయి, పశువుల బాట ఉందా, ఖబరస్తాన్‌కు జనాజా తీసుకెళ్లే దారి ఆ సర్వే నంబర్ల మధ్య నుంచే పోతుందా? కాగితం మీద దారి లేకపోయినా తాతల నాటి నుంచి నడుస్తున్న దారులు చాలా ఉంటాయి. కంచె వేశాక అడిగితే పోలీస్ స్టేషన్‌లో అడగాల్సి వస్తుంది. ముందే అడిగితే ప్లాన్‌లో పదిహేను అడుగులు వదిలిపెడతారు.

పత్రంలో తప్పక ఉండాల్సినవి

ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ చేయాల్సిందే, నోటరీ కాగితం చాలదు. పత్రం తెలుగులో చదివించుకోవాలి. ఈ విషయాలు అందులో ఉన్నాయో లేదో చూసుకోవాలి.

వ్యవసాయేతర భూమిగా మార్చడానికి అయ్యే రుసుము ఎవరు కట్టాలి. ఈ నిబంధనలు రెండు రాష్ట్రాల్లోనూ మారుతూ వస్తున్నాయి, కాబట్టి "ఎప్పుడు ఏ రుసుము వచ్చినా కంపెనీదే" అని రాయించుకోవాలి.

కౌలు ఏ తేదీకి పడాలి, ఆలస్యమైతే ఏం చేయాలి, ఎన్ని నెలలు ఆగితే రైతు ఒప్పందం రద్దు చేయొచ్చు. డిస్కమ్ నుంచి డబ్బు రాలేదన్నది కౌలు ఆపడానికి కారణం కాకూడదని విడిగా రాయాలి.

బ్యాంకులో తాకట్టు పెట్టేది కంపెనీ తన లీజు హక్కునే తప్ప భూమిని కాదని స్పష్టంగా ఉండాలి. అసలు పాస్‌బుక్, లింకు పత్రాలు కంపెనీ చేతికి ఇవ్వకూడదు, కాపీలు చాలు.

కంపెనీ ప్లాంటును ఇంకొకరికి అమ్మితే పాత బాధ్యతలన్నీ కొత్తవాళ్లకూ ఉండాలి. లీజు ముగిశాక ప్యానెళ్లు, ఇనుప స్తంభాలు, కాంక్రీటు తీసేసి దున్నుకునేలా భూమి అప్పగించాలి, దానికి ముందే డిపాజిట్ లేదా బ్యాంకు గ్యారంటీ ఉండాలి. పాతికేళ్ల తర్వాత ఆ కాంక్రీటును తవ్వాల్సింది మనవలే.

పన్ను సంగతి కూడా తెలుసుకోవాలి. పంట మీద వచ్చే ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు, కానీ సోలార్ కౌలు వ్యవసాయ ఆదాయం కిందికి రాదు. చిన్న రైతుకు పన్ను పడకపోవచ్చు, అయినా పాన్ కార్డు అవసరం. సాగు భూమికి వచ్చే పెట్టుబడి సాయం కూడా ఆ ఎకరాలకు ఆగిపోవచ్చు, దాన్ని కౌలు లెక్కలో కలిపే బేరమాడాలి. పంట లేదు కాబట్టి ఉష్ర్ ఉండదా, కౌలు డబ్బు మీద జకాత్ ఎలా అన్నది తమ ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి.

ఎవరితో చదివించుకోవాలి?

ఏజెంట్ తెచ్చిన లాయర్ ఏజెంట్ లాయరే. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కోర్టు ఆవరణలోనే ఉంటుంది. చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం అందుతుంది. అంటే ఇంట్లో అమ్మీ పేరునో, ఆపా పేరునో వాటా ఉంటే, ఆమె దరఖాస్తు పెట్టుకుని లీజు పత్రం మీద సలహా అడగొచ్చు. సంతకం కోసం చివర్లో గుర్తొచ్చే ఆడబిడ్డనే మొదట పిలిస్తే, వాటా తేలడంతో పాటు లాయరు ఖర్చూ తప్పుతుంది.

ఈ పనులన్నీ తేలడానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు. "ఈ వారంలో సంతకం పెట్టకపోతే పక్క ఊరికి పోతాం" అని ఏజెంట్ అంటాడు. పోతే పోనివ్వాలి. పాతికేళ్లకు ఇచ్చే భూమి కోసం రెండు నెలలు ఆగలేని కంపెనీ, రేపు కౌలు ఆలస్యమైనప్పుడు ఫోన్ ఎత్తుతుందన్న నమ్మకం ఏముంది?